రెండూ ర గణమే

గోవిందస్వామి సారుకు ఛందస్సంటే ప్రాణం. మామూలు ప్రాణం కాదు, పెళ్ళిపత్రిక ఇచ్చినా ముందు గణాలు చూసుకునే రకం.

రిటైరైన ఆ తెలుగు పండితుణ్ణి పుత్తూరులో పిల్లల కవితల పోటీకి జడ్జిగా పిలిచారు.

విషయం గంజాయి. గెలిచిన కవితను మైకు ఆటోలో పెట్టి, వడమాలపేట దాకా ప్రతి వీధిలో వినిపిస్తారు.

అందరికంటే చివర అమల అనే ఇంటర్ పిల్ల లేచింది. చేతిలో కాగితం లేదు.

“సందు చివర పిల్లోళ్ళు కాసుకోనుండారు,
బడిసంచి భుజానే ఉండాది, బడిని మరిసినారు.
కాలు విరిగితే పుత్తూరులో కట్టు కడతారు,
బతుకు విరిగితే ఎవురు కడతారు నాయనా?
ఆ పొట్లం ఈడనే ఇడిసిపెట్టు నాయనా,
ఇంటికి పోదాం రా.”

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసలో ఒక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సారు పిల్లను దగ్గరికి పిలిచాడు.

“ఎవరు రాసిచ్చినారు పాపా?”

“ఎవురూ లేదు సార్. నేనే రాసినాను.”

“ఫస్టు నీకే. ఒక్క సవరణ. ఈ ‘నాయనా’ ఏంది? నీ ఈడు పిల్లోళ్ళకు చెప్తా, అవ్వ మనవణ్ణి బుజ్జగించినట్టు. ‘మిత్రమా’ అని మార్చు.”

“కుదరదు సార్.”

“ఎందుకు కుదరదు? రెండూ ర గణమే. నడక చెడదు.”

“నడక చెడదు సార్. వినాల్సినోళ్ళు వినరు.”

సారుకు చురుక్కుమంది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, తనకే పాఠమా?

“మార్చకపోతే ఆటో ఎక్కదు నీ కవిత.”

అమల రెండు చేతులూ జోడించింది.

“వేరే లైన్లు ఏవైనా కొట్టేయండి సార్. ప్రైజు కూడా వద్దు. ఆ ఒక్క మాట ఉంచి, మా వీధిలో ఒక్కసారి వినిపిస్తే చాలు.”

ప్రైజు వద్దనే పిల్లను సారు అంతవరకూ చూడలేదు. ఎంత పొగరు అనుకున్నాడు.

ఫస్టు ఇంకొకరికి పోయింది. ‘ఓ మత్తు మహమ్మారీ’ అని మొదలయ్యే కవిత, గణాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆటో వీధుల్లోకి వస్తే జనం తలుపులు వేసుకున్నారు.

వారం తిరక్కుండా ఎస్సై ప్రసన్నకుమారి ఫోన్ చేసింది. ఆ పోటీ పెట్టించింది ఆమే.

“సార్, అమల చదివే కాలేజీ ప్రిన్సిపాలు మీ శిష్యుడంట గదా. ఆ పిల్లకి హాస్టల్లో సీటు కావాల. ఒక మాట చెప్తారా?”

“ఇల్లుండగా హాస్టలెందుకమ్మా?”

“ఇంట్లోకి రానీలేదు సార్ వాళ్ళ మనుషులు. మొన్న తనే స్టేషన్‌కు వచ్చి, వాళ్ళ వీధిలో గంజాయి అమ్మేవాణ్ణి పట్టించింది. దాచిన చోటు కూడా తనే చూపించింది.”

సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తాను పొగరనుకున్నది ధైర్యమని అప్పటికి తెలిసింది. సిగ్గేసింది.

“చిన్నపిల్ల. అంత గుండె యాడిదమ్మా?”

“నేనూ అదే అడిగినాను సార్. ‘కవిత వింటే మానుకుంటాడని ఆశపడినాను మేడం, అది మా వీధికి రాలేదు’ అనింది. అని ఏడ్చింది.”



“ఇంతకీ ఎవడమ్మా వాడు?”



“వాళ్ళ నాయన సార్.”