ఇద్దరాడే ఆట

"అటారీ పనైపోయింది బావా. రేపటేల్నించీ అంతా ఈ నింటెండోదే!" జపాన్ నుంచి ఓడ దిగొచ్చిన తవిటినాయుడు టీవీకి తగిలించే కొత్త వీడియోగేమ్ పెట్టె విప్పుతున్నాడు. సోమవారం మళ్ళీ ఓడెక్కేలోగా పెళ్ళాం చిలకమ్మకి ఆట నేర్పెయ్యాలని అతని ఆత్రం.

"పోయినేడు తెచ్చిన అటారీకేటయ్యింది? ఇద్దరాడొచ్చు," అన్నాడు పెళ్ళాం అన్న సింహాద్రి.

"దీన్లోనూ ఇద్దరాడొచ్చు. బొమ్మలు సూడు, సినిమానే!"

"రోజూ ఆడీది సెల్లి. దాన్నే అడుగు."

చిలకమ్మ అటారీ ముందు కూర్చుంది. ఆటాడే రెండు జాయ్‌స్టిక్ కర్రలూ నేలమీద పెట్టి, చేతికొకటి పట్టుకుని, టీవీలో బంతిని అటూ ఇటూ తనే కొట్టసాగింది.

తవిటినాయుడు నవ్వాడు. "రెండు పక్కలా నువ్వేనేటి?"

ఆమె అతనికేసి చూడలేదు.

"కుడిసెయ్యి నాను, అన్నియ్యా. ఎడంసెయ్యి మీ బావ. రోజూ ఓడిపోతాడు. అయినా లెగిసెల్లిపోడు."