అవతలి గోల్ దగ్గర గొడుగు

గొడుగాయన మళ్లీ అవతలి టీము గోల్‌కీపర్‌కు చాయ్ పోశాడు.

ఆట నడుస్తుండగానే. ఫ్లాస్కులోంచి. పైగా రెండు బిస్కెట్లు.

దూలపల్లి ఫుట్‌బాల్ టీము అభిమానులందరూ కళ్లారా చూశారు. అందరూ అంటే పద్నాలుగు మంది. వాళ్లు అరిస్తే మేడ్చల్ స్టేషన్‌లో రైలు కూత వినపడదని ఊళ్లో చెప్పుకునేవారు. చెప్పుకునేది కూడా ఆ పద్నాలుగు మందే.

ఆ మ్యాచ్ దూలపల్లి రెండు సున్నాతో గెలిచింది. అయినా శంకరమ్మ చాయ్ హోటల్లో చర్చ ఆ రెండు గోల్స్ మీద నడవలేదు. ఆ రెండు బిస్కెట్ల మీద నడిచింది.

"మనోడైతే మన దిక్కు నిలవడాలె గదా?" అన్నాడు సిద్దిరాములు.

సిద్దిరాములు అభిమానులకు పెద్ద. టీము సి డివిజన్ నుంచి బి డివిజన్‌కు ఎక్కేదాకా గడ్డం గీయనని 1992లో ఒట్టేశాడు. ఇప్పుడు 1998. ఆ గడ్డంలో ఓసారి రెఫరీ విజిల్ పడింది. ఇంతవరకూ దొరకలేదు.

"ఇంటర్వెల్ అయినంక టీములు దిక్కులు మారుతయి. గాయన గూడ గొడుగు వట్టుకొని గా కీపర్ ఎంబడే పోతడు. ఏం సుట్టరికమో!" అన్నాడు గాలయ్య. క్లబ్బు నోటుబుక్కులో గోల్స్ రాసేది అతనే.

"కొత్త కాలనీల ఉంటడంట," అంది శంకరమ్మ. "నా చాయ్ తాగడు. ఇంటి నుంచే తెచ్చుకుంటడు. గప్పుడే నాకు అనుమానమొచ్చింది."

"వచ్చే ఐతారం నాగారంతోని ఆఖరి మ్యాచ్. గెలిస్తే బి డివిజన్. డ్రా అయితే మల్ల గిదే సి డివిజన్." సిద్దిరాములు గ్లాసు బల్ల మీద కొట్టాడు. "గెలుస్తం. ఎవడడ్డమొస్తడో సూస్త!"

ఆదివారం వచ్చింది. గ్రౌండ్ పక్కన సెలూన్ నారాయణ కుర్చీ వేసి, కత్తి నూరుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆఖరి విజిల్ మోగగానే గడ్డం తీయాలి. రెండు గంటల పని అని ముందే చెప్పాడు.

గొడుగాయన వచ్చాడు. నేరుగా నాగారం గోల్ వైపు నడిచాడు.

సిద్దిరాములు అడ్డం నిలబడ్డాడు.

"ఓ సారూ, ఏడికి?"

"అక్కడికేనండి. కొంచెం పనుంది."

"గాడ నీకేం పని?"

"చెబితే పని జరగదండి." ఆయన నవ్వాడు. "రేపు బదిలీ మీద వెళ్లిపోతున్నాను. ఈ ఒక్క ఆటకీ ఉండనివ్వండి."

"గా కీపర్‌కు చాయ్ పోయనీకా? ఆరేండ్ల కష్టం సారూ మాది!"

"పోనీ, టీ పోయను లెండి. ఊరికే మాట్లాడతాను."

"మాటల్లేవ్, గీటల్లేవ్. నడువ్!"

వెనక నుంచి పదమూడు గొంతులు "నడువ్!" అన్నాయి.

ఆయన గొడుగు ముడిచాడు. గోల్ వైపు ఒక్కసారి చూశాడు. రోడ్డు మీదికి వెళ్లి, వచ్చిన బస్సెక్కాడు.

ఆట మొదలైంది. దూలపల్లి సెంటర్ ఫార్వర్డ్ నగేష్ పదకొండుసార్లు గోల్ మీదికి కొట్టాడు. నాగారం కీపర్ మధుసూదన్ పదకొండూ ఆపాడు. అందులో ఒకటి పళ్లతో ఆపాడంటారు.

సున్నా, సున్నా.

నారాయణ కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోనియ్!" సిద్దిరాములు గడ్డం విదిలించాడు. "ఇంకో ఏడు పెరగనియ్. మోకాళ్లకొచ్చినా గియ్య. వచ్చేసారి ఎట్ల ఎక్కమో సూస్త!"

మధుసూదన్ గ్లవ్స్ తీస్తూ వాళ్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మీ గొడుగాయన ఏడి?"

"మా ఆయనేంది? గాయన మీ మనిషి గదా!"

"మా మనిషా? మంచిగ జెప్పినవ్! సీజన్ మొదట్ల మీతోని ఆడిన మ్యాచ్‌ల నా ఎనక నిలవడి, ఆవకాయ ఎట్ల పెట్టాల్నో జెప్పుడు మొదలువెట్టిండు. మామిడికాయ కొట్టే కాడ ఒక గోల్ వడ్డది. ఆవపిండి కలిపే కాడ ఇంకోటి. చేతుల చాయ్ గ్లాసొకటి! ఉప్పెంత ఎయ్యాల్నో ఇయ్యాల అడుగుదామనుకున్న."

"చేతుల గ్లాసుంటే బాల్ ఎట్ల పట్టుకుంటవ్‌ర?" అన్నాడు నగేష్.

"గందుకే గదా పట్టలె."



గాలయ్య నోటుబుక్కు తీశాడు. "శామీర్‌పేట మ్యాచ్‌కు గాయన రాలె. సున్నా. సూరారం మ్యాచ్‌కు రాలె. సున్నా." మిగతా పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. "గాయన ఉన్నప్పుడు... పంతొమ్మిది."

సిద్దిరాములు రోడ్డు మీద పడి పరుగెత్తాడు. బస్సు పోయి అప్పటికి రెండు గంటలు. అయినా కొంపల్లి దాకా ఉరికాడు. ముఖం కొంపల్లి చేరేసరికి గడ్డం ఇంకా దూలపల్లి దాటలేదంటారు.

ఆ బదిలీ ఏ ఊరికో ఎవరూ అడిగి ఉండలేదు.

సాయంత్రం శంకరమ్మ, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇస్తానన్న స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. నగేష్ దాన్ని ముట్టుకోలేదు.

"నాది గాదు. గాయనకియ్యుండ్రి."

"మరి పేరేం రాయాలె?" అన్నాడు గాలయ్య.

ఆ పేరు పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియదు.

సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడు అన్నచోట నగేష్ పేరు కొట్టేసి, గాలయ్య 'గొడుగాయన' అని రాసి, ఎదురుగా పంతొమ్మిది వేశాడు.