దబ్బనం కుట్లు

పాప లైఫ్ జాకెట్‌ను వంటవాడు కత్తితో కోస్తున్నాడు.

టీ కోసం వచ్చిన సత్యకుమారి వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ అది?"

లచ్చన్న ఉలిక్కిపడి జాకెట్‌ను ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఏం లేదు చెల్లె. కుట్లు ఊడినయ్. ఏస్తున్న."

పక్కన దబ్బనం, పురికొస ఉన్న మాట నిజమే. కానీ కుట్లు వేసేవాడికి కత్తితో పనేంటి?

సత్యకుమారి పనిచేసే ఇంటి అరబ్బు మేడమ్, మూడు రోజుల విహారానికి ఆ తెరచాప పడవను పనివాళ్లతో సహా మాట్లాడుకుంది. గలాలీ రేవులో ఎక్కి, హవార్ వైపు చిన్న చిన్న దీవులు చూసి రావడం. పడవకు కెప్టెన్, తెరచాప చూసే గణపతి, వంటకు లచ్చన్న. మేడమ్ కూతురు ఐదేళ్ల నూరాను కనిపెట్టుకొని ఉండటం సత్యకుమారి డ్యూటీ. పాప కాలికి ముల్లు గుచ్చుకుంటే అది తన వీసాకి గుచ్చుకున్నట్టే.

లచ్చన్న తీరు ఆమెకు మొదటిరోజే నచ్చలేదు. వంట చేస్తూ కూడా ఒంటిమీది జాకెట్ విప్పడు. పప్పులో మునిగిపోతావా అని గణపతి ఆటపట్టించినా ఉలకడు, పలకడు. నడిస్తే గోడ పట్టుకొని పిల్లిలా నడుస్తాడు. సాయంత్రం కెప్టెన్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పబోతే, ఆయన "ఖలాస్" అని కసిరి పంపాడు.

ఇప్పుడేమో ఒంటిమీద తన జాకెట్ లేదు. చేతిలో పాప జాకెట్ ఉంది.

ఆమెకు రామలక్ష్మి గుర్తొచ్చింది. నరసాపురం మనిషి. తెలిసినవాళ్లెవరో ఆవకాయ సీసా ఇస్తే నమ్మి తెచ్చింది. సీసా అడుగున మత్తుబిళ్లలు దొరికాయి. ఇప్పటికీ జైల్లోనే ఉంది. ఆ సంగతి విన్నప్పటి నుంచి, ఎవరు సున్నుండ పెట్టినా సత్యకుమారి విరిచి చూడనిదే తినదు.

మధ్యాహ్నం పాపకు పసుపుపచ్చ జాకెట్ తొడుగుతూ తడిమి చూసింది. నిన్న మెత్తగా ఉన్నది ఇవాళ బిర్రుగా ఉంది. పక్కన గోనెసంచికి వేసినట్టు కొత్త కుట్లు.

లోపల ఏదో పెట్టాడు. గస్తీవాళ్లు సోదా చేస్తే, పాప ఒంటిమీది వస్తువుకు జవాబు చెప్పాల్సింది ఎవరు? తనే.

వెళ్లి కెప్టెన్‌కు తనకొచ్చిన హిందీలో చెప్పేసింది. ఆయన జాకెట్‌ను నొక్కి చూశాడు. కుట్ల వైపు చాలాసేపు చూశాడు. విప్పి చూడమని ఆమె అడిగితే అక్కర్లేదన్నాడు. మేడమ్ దాకా పోనివ్వొద్దనీ, అతన్ని ఇప్పుడే దింపేస్తాననీ అన్నాడు. ఆమెకు అదీ వింతగానే అనిపించింది. కానీ పీడ విరగడవుతోంది కదా, నోరు మూసుకుంది.

ఐసు, నీళ్లు తెచ్చే చిన్న మోటారు పడవ వచ్చింది. లచ్చన్న సంచి పట్టుకొని అందులోకి దిగాడు. రెండు చేతులా అంచులు పట్టుకొని నట్టనడుమ కూర్చున్నాడు. నిలువునా వణుకుతున్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకుంది సత్యకుమారి.

"చెల్లె, పాపకు ఆ జాకెటే తొడుగు. ఇడువకు."

ఆమె మొహం తిప్పుకుంది.

పిల్ల సైజుది అదొక్కటే కాబట్టి తొడగక తప్పలేదు.

మూడోరోజు గాలి ఒక్కసారిగా దిశ మార్చింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. అంచున చేపలు చూస్తున్న నూరా జారి సముద్రంలో పడింది.

మేడమ్ కేక పెట్టింది. సత్యకుమారి అంచుకు పరిగెత్తింది.

గణపతి దూకాడు. అతని జాకెట్ నీళ్లు పీల్చి అతన్నే కిందికి లాగింది. దాన్ని విప్పి పారేసి ఈదాడు. పాప మాత్రం మునగలేదు. గడ్డం తడవకుండా తేలుతూ, గుక్కపట్టి ఏడుస్తోంది.

పాప తల్లి ఒడికి చేరాక, సత్యకుమారి పసుపు జాకెట్ పట్టుకొని వంటగదిలోకి వెళ్లింది. లచ్చన్న కత్తితోనే ఆ కుట్లు కోసింది.

బిళ్లలు లేవు. పొట్లాలు లేవు. పిల్ల కొలతకు చెక్కిన బెండు ముక్కలు, కొత్తవి, నీలం రంగువి.

తలుపు వెనక కొక్కేనికి లచ్చన్న నీలం జాకెట్ వేలాడుతోంది. దానిమీద చెయ్యి వేసింది. ముందు బట్ట వెనక బట్టకు అంటుకుంది.

తడిబట్టలతో గణపతి గుమ్మంలోకి వచ్చాడు. అది చూసి, తల వంచుకొని అన్నీ చెప్పాడు. మొదటిరోజే లచ్చన్న జాకెట్లన్నీ ఒక్కొక్కటే టబ్బులో ముంచి చూశాడట. మిగతావన్నీ మునిగి, ఆయన నీలం జాకెట్ ఒక్కటే తేలిందట. కెప్టెన్‌కు చెబితే, మేడమ్ చెవిన పడితే నీ పని సరి అన్నాడట. ఉద్యోగం పోతుందని గణపతి కూడా నోరు మెదపలేదు.

సిగ్గుతో, బాధతో సత్యకుమారికి కన్నీళ్లు ఆగలేదు. గట్టు చేరగానే ఆయన కాళ్ల మీద పడతానంది. ఎక్కడుంటాడో చెప్పమంది.

ఉండేది సల్మాబాద్ కూలీల క్యాంపులో. కానీ కెప్టెన్ ఆయన్ను దింపినప్పుడే, వీసా ఇచ్చిన కఫీల్‌కు ఫోన్ చేశాడు. ఈపాటికి విమానం ఎక్కించేసి ఉంటారని గణపతి చెప్పాడు.

"మనకెవరికీ తోచలేదు. టబ్బులో ముంచి చూడాలని ఆయనకే ఎందుకు తోచిందండీ?"

గణపతి ఆ ఖాళీ జాకెట్ వైపు చూశాడు.

"ఈ పడవలో పెద్దోళ్లందరికీ ఈతొచ్చు సత్యమ్మా. రానోడు ఆయనొక్కడే."