కిటికీల ప్యాకేజీ

ఇంటి ప్లాన్లు గీసుకునే ఆ సాఫ్ట్‌వేర్‌లో గోడలూ తలుపులూ ముందే ఉంటాయి. మెట్లు కావాలంటే మెట్ల ప్యాకేజీ విడిగా దించుకోవాలి. తోటకి ఒకటి, గ్యారేజీకి ఒకటి, కిటికీలకి ఇంకొకటి. ఈ సంగతి చాలామందికి తెలియదు. మెనూలో కిటికీ బొమ్మ నొక్కినా పలక్కపోయేసరికి కంపెనీకి ఫోన్ చేసి చెడామడా తిట్టేస్తారు. ఆ తిట్లు తిని, ఏ పనికి ఏ ప్యాకేజీ కావాలో చెప్పడం ఆవిడ ఉద్యోగం.

ఈమధ్య ఒక కస్టమరు ఆవిడే కావాలని అడిగి మరీ ఫోన్ చేస్తున్నాడు.

"అక్కా, మీ మెట్లాయన లైన్లో ఉన్నాడు," అంటుంది పక్క సీటమ్మాయి. ఖాళీగా ఉన్నవాళ్లంతా చెవులు ఇటు పడేస్తారు.

ఆయన తిట్టడు. మెట్లెలా పెట్టాలని ఒకరోజు అడిగాడు, పూలమొక్కలెలా పెట్టాలని ఇంకోరోజు. ఆవిడ ప్యాకేజీ పేరు చెప్పింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ప్లాన్ పంపమని తెప్పించుకుని స్క్రీన్ మీద తెరిచింది.

"వంటింటికి కిటికీ ఏదండీ?"

"ఎందుకండీ, ఫ్యాన్ పెడుతున్నాగా."

"ఫ్యాన్లోంచి ఆకాశం కనబడుతుందా సార్?"

హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం తగ్గలేదు. వంటింట్లో ఆకాశంతో పనేంటన్నాడు. ఆవిడ అందుకుంది. ఆ వాదన టీ బ్రేక్‌ని మింగేసింది.

ఎవరిదో వంటిల్లయితే నీకెందుకక్కా అని పక్క సీటమ్మాయి నెత్తి కొట్టుకుంది. వండేదాన్ని, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుందని ఆవిడ ఎదురడిగింది.

మర్నాడు సూపర్‌వైజరు పిలిచాడు. రికార్డింగు మొత్తం విన్నాడట. మధ్యలో రెండుసార్లు నవ్వాపుకున్నాడట కూడా. అయినా చెప్పాల్సింది చెప్పాడు.

"మన పని ప్యాకేజీ పేరు చెప్పడం. ఆయన గోడకి కిటికీ పెట్టుకుంటాడో, తల బాదుకుంటాడో మనకనవసరం. ఇంకోసారి కస్టమరుతో వాదిస్తే నీ సీటు ఉండదమ్మా."

మధ్యాహ్నం ఫోన్ రానే వచ్చింది. సూపర్‌వైజరు ఇంకో హెడ్‌సెట్ తగిలించుకుని ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు.

గ్యారేజీని వంటింటి వైపు జరపాలి, ఏ ప్యాకేజీ కావాలని అడిగాడు కస్టమరు. ఆవిడ పళ్లు బిగించి పేరు చెప్పింది. ఆయన ఫోన్ పెట్టలేదు. ఆవిడా పెట్టలేదు.

"మా దగ్గర కిటికీల ప్యాకేజీ కూడా ఉందండి," అంది చివరికి. "దించుకోవడం మీ ఇష్టం."

అది కంపెనీ నేర్పిన మాటే. సూపర్‌వైజరు తలూపాడు.

"దించుకుంటే ఏ గదికి వాడమంటారు?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. సూపర్‌వైజరు వద్దని వేలు ఊపుతున్నాడు. ఆవిడ డ్రాయరు తెరిచి తన గ్లాసూ దువ్వెనా తీసి సంచిలో వేసుకుంది.

"వంటింటికండీ. సింకు పైన. చిన్నదొద్దు."

అవతల కీబోర్డు చప్పుడైంది. కాసేపాగి మౌసు నొక్కిన చప్పుడు.

"పెట్టేశానండి," అన్నాడు కస్టమరు. "రెండు రెక్కలది."

"రెండు రెక్కలదట!" అని ఆవిడ పైకే అనేసింది. పక్క సీటమ్మాయి కుర్చీలోనే గిర్రున తిరిగింది. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. సూపర్‌వైజరు హెడ్‌సెట్ తీసి, సంచిలోంచి ఆ గ్లాసు తానే తీసి బల్ల మీద పెట్టాడు. నేనెన్నాళ్లు మొత్తుకున్నా ఒక్కడూ కిటికీల ప్యాకేజీ దించుకోడు, రేపట్నుంచి అందరూ ఇలాగే చెప్పండని అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ తన ఇంటి బెల్లు కొట్టగానే తలుపు తీసి, వంటింటి గొడవ మొదలయ్యాక ఇంట్లో మొదటిసారి పెళ్లాంతో నోరు విప్పి, "కాఫీ పెట్టనా?" అని అడిగింది ఆ కస్టమరే.