మైదానంలో మొదటి ఆట

కొమురవ్వ అన్నిటికంటే ఎక్కువగా భయపడేది మైదానం చివరనున్న మట్టిగోడకు. కూతురు బాలలక్ష్మి ఆడుకుంటూ ఆ గోడ దాకా పోతుందేమోనని, పొయ్యి మీద గట్క ఉడుకుతున్నా నిమిషానికోసారి బయటికి వచ్చి చూసేది. గోడ కూలుతుందని భయమో, పాములున్నాయనో అని చూసినవాళ్లు అనుకునేవారు. అటువంటిది, ఆ పొద్దు ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని ఆ గోడనే కొలుస్తుంటే చేతిలో గరిటెతోనే ఉరికింది.

"గోడ కాడ ఏం పని సేటూ?"

సిద్దిరాములు సేటుకు ఊళ్లో పత్తి జిన్నింగు మిల్లుంది. ఆటల సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

"గోడ తీసేసి పునాది తవ్వుతున్నం కొమురవ్వా. రేకుల మండపం కడ్తం. పెద్దమనుషులు నీడకు కూసోని ఆట జూడొద్దా?"

"ఈడ వద్దు సేటూ. మీ కాల్మొక్త, గటు దిక్కు తవ్వుకోండ్రి."

"పిడకలు కొట్టుకునే గోడ పోతదని ఈమె పరేషాన్," అన్నాడు భూమన్న. అతను మిల్లులో గుమస్తా, సంఘంలో కార్యదర్శి.

ఆ గోడ మీద కొమురవ్వ ఏనాడూ ఒక్క పిడక కొట్టలేదు. అది గమనించే తీరిక సంఘానికి లేదు.

సంఘం పుట్టింది యాభై ఒకటిలో. అప్పటినుంచి ఆ మైదానంలో మిల్లు పత్తి ఎండింది, మిల్లు ఎడ్లు మేశాయి, సేటు ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లయ్యాయి. సంఘానికి ఒక బంతి కూడా ఉంది. ఆడితే పాడవుతుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇట్లా హాయిగా సాగుతుండగా, కొత్తగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, తాలూకాలో అన్నిటికంటే పాత సంఘానికి సర్కారు మండపం కట్టిస్తుందని కబురొచ్చింది. జమ్మికుంటవాళ్లు తమది నలభై తొమ్మిది నాటిదన్నారు. సేటుకు నిద్ర పట్టలేదు. చరిత్ర కావాలి, అదీ నలభై తొమ్మిదికి ముందుది. సంఘంలో ఉన్నవాళ్లంతా మిల్లు వచ్చాక వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. మైదానం పక్కన పాతకాపు ఇల్లు కొమురవ్వదొక్కటే.

"గదంత వదిలెయ్ గని," అన్నాడు భూమన్న, తాడు చుట్టి చంకలో పెట్టుకుంటూ. "మా సంఘం కన్నా ముందుగాల గీ మైదానంల ఎవ్వలన్నా ఆడిండ్రా?"

ఇన్నేళ్లలో ఆ మైదానం సంగతి ఆమెను అడిగినవాళ్లు లేరు. కొమురవ్వ వాళ్లిద్దర్నీ ఇంటి దాకా తీసుకొచ్చి, కూతుర్ని లోపలికి తోలి, గడపలో కూర్చుంది.

"ఆట ఏం ఆట అయ్యా. గోలీలు."

భూమన్న ముఖం చిన్నబోయింది. "గోలీలా? పోరగాండ్లు ఆడుకునేయే గద."

"పోరగాండ్లు కాదు. మీసాలోళ్లు. లారీల దిగిండ్రు."

సేటు ముందుకు వంగాడు. "లారీ కట్టుకోని వచ్చిండ్రా? ఎప్పుడు?"

"పోలీసు యాక్షనుకు ముందు. మక్కలు పాలు పట్టే దినాలు."

"అంటే నలభై ఎనిమిదే," సేటు భూమన్న భుజం చరిచాడు. "రాస్కో భూమన్నా. లారీల వచ్చిండ్రంటే అది జిల్లా పోటీయే. మన ఊరోళ్లు గూడ దిగిండ్రా?"

"దిగక తప్పుతదా. వరుసల నిలవడ్డరు."

"మీ ఆయన?"

"ఆయన్ను పేరు వెట్టి పిలిచిండ్రు. అందరికన్నా ముందల నిలవెట్టిండ్రు."

"కెప్టెన్," అని రాసుకున్నాడు భూమన్న. "ఎవ్వలు గెలిచిండ్రు?"

"లారీలోళ్లే."

"గది రాయకు," అన్నాడు సేటు. "చరిత్రల ఓడుడెందుకు. మరి మీ ఆయన ఇప్పుడేడున్నడు?"

"గా పొద్దు మైదానానికి పోయినోడు మళ్ల ఇంటికి రాలే."

"ఓడినందుకు సిగ్గువడి దేశం పట్టిండన్నట్టు. రోషమున్న ఆటగాడు."

కొమురవ్వ ఇద్దరి ముఖాలూ చూసింది. "ఇప్పుడన్నా తెలిసింది గదా. జర గోడ కాడ తవ్వకుండ్రి."

"తెలిసిందిగనుకనే ఈన్నే కడ్తం. మండపం మీద మీ ఆయన పేరు చెక్కిస్తం."

తెలిసి కూడా అక్కడే తవ్వుతామంటున్న మనుషుల ముందు నుంచి ఆమె లేచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఏది పాత సంఘమో తేల్చడానికి, అనుకున్న నాటికి కరీంనగర్ నుంచి ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి, ఈ జిల్లాకు కొత్త. మిల్లు ఎడ్లను ఆ ఒక్కరోజుకు మైదానం నుంచి తప్పించారు. బీరువా తాళం తీసి బంతిని దండతో సహా బల్ల మీద నిలబెట్టారు. దాని పక్కన వెండి పళ్లెంలో రంగురంగుల గోలీలు. "అఖిల నైజాం గోలీల పోటీలకు పుట్టినిల్లు మా మైదానం" అని సేటు మైకులో చదువుతుంటే జమ్మికుంట నుంచి వచ్చినవాళ్లు తలలు దించుకున్నారు. ఆఫీసరు మెచ్చుకున్నాడు. మండపం ఈ ఊరికేనన్నాడు.

కొబ్బరికాయ కొట్టారు. పసుపు పూసిన గడ్డపార ఆఫీసరు చేతికిచ్చి గోడ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన గడ్డపార ఎత్తేసరికి, కొమురవ్వ కూతురి చెయ్యి వదిలేసి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"కెప్టెన్ భార్య సార్," అన్నాడు భూమన్న. "శాలువా ఇప్పుడే కప్పుతరనుకుంది."

ఆఫీసరు గడ్డపార దించి, నవ్వుతూ అడిగాడు. "మీవాళ్లు ఆడిన ఆ గోళీలు గాజువా అమ్మా, రాతివా?"

"తుపాకులయి సారూ, కింద మా ఆయనున్నడు, జర చూడుండ్రి."