ఎనిమిది శాతం

“ఏటి బాబూ, ఈసారైనా నా జీతం పెరుగుతాదా, నేదా? ఇంటాయన గది ఖాళీ చేసెయ్యమంటన్నాడు,” అన్నాడు పాపయ్య, టీ గ్లాసు బల్లమీద ఠపీమని పెట్టి.

నోయిడాలో ఆ కంపెనీకి టీలిచ్చేదీ, ఫైళ్లు మోసేదీ పాపయ్యే. జీతం పధ్నాలుగు వేలు. నాలుగేళ్లుగా అంతే, రూపాయి అటూ లేదు, ఇటూ లేదు. హరోలాలో అద్దెగది. ఒకటో తారీఖు నుంచి వెయ్యి ఎక్కువిస్తే ఉండు, లేకపోతే చలో అన్నాడు మకాన్ మాలిక్.

నవదీప్ అక్కడే లెక్కల పిల్లాడు. అంకెలిస్తే గీతలు గీసి, వాటి కథ చెప్పడం అతని ఉద్యోగం. గబుక్కున కంప్యూటర్ని పాపయ్య వైపు తిప్పాడు.

“ఇటు చూడు బాబాయ్. పదేళ్ల లెక్క. ఈ ఎర్ర గీత మన కంపెనీ షేరు ధర. ఈ నీలం గీత మనందరి జీతాల సగటు. మార్కెట్లో సరుకుల ధరలు పెరిగినంత మేరా తీసేసి మరీ గీశాను.”

ఎర్రది పందిరెక్కిన కాకరతీగలా పైపైకి పాకిపోయింది. నీలంది చాపేసుకుని పడుకుంది. ఇంకా చెప్పడానికేముంది!

“ఇందులో నేనెక్కడున్నాను బాబూ?”

“అడుగున.”

“అది నాకు తెల్దేటి? దానికి ఇంత మిషనెందుకు?”

నవదీప్‌కి నవ్వు రాలేదు. “జీతాలు పెంచితే షేరు పడిపోతుందని పైవాళ్ల బెంగ బాబాయ్. అందుకే నూట ఇరవై నెలలూ ఒక్కో నెల జీతాల పక్కన షేరు ధర పెట్టి చూశాను. జీతాలు పెంచిన నెల్లోనూ పడలేదు, ఆ తర్వాత ఆర్నెల్లలోనూ పడలేదు. రేపు మీటింగులో ఇదే పెడతాను. నీకు పెరక్కపోతే నన్నడుగు.”

“నిన్నడిగితే ఏటొస్తాది? ఇంకో గీత గీస్తావు,” అని గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు పాపయ్య.

మీటింగులో గీతలు చూసి డైరెక్టర్లు “అచ్ఛా, అచ్ఛా” అన్నారు. మేనేజరు చెన్నకేశవులు మాత్రం తల వంచుకుని పెన్ను నొక్కుతూ కూచున్నాడు. ఒంగోలు మనిషి, మనవాడే, కానీ కుర్చీ వచ్చాక మనవాడేమిటి, పరాయివాడేమిటి!

పెద్ద డైరెక్టరు చెయ్యెత్తాడు. “ఇన్ని గీతలు మాకెందుకు భయ్యా? నీకేం కావాలో ఒక్క అంకెలో చెప్పు.”

చదువుకున్న పిల్లాడాయె, అంకె అడిగేసరికి ప్రాణం లేచొచ్చింది. “మనం వందమందిమి సార్. సగటు జీతం యాభై వేలు. వచ్చే నెలకల్లా యాభై నాలుగు వేలు కావాలి. అంటే ఎనిమిది శాతం.”

“ఠీక్ హై. రాసుకో కేశవులూ. సగటు జీతం ఎనిమిది శాతం పెరగాలి. ఈ నెలాఖరుకే.” అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

బయటికి రాగానే చెన్నకేశవులు నవదీప్ భుజం పట్టుకుని ఆపాడు. “వందమందికి తలా నాలుగు వేలు. నెలకి నాలుగు లక్షలు. నువ్వు గీతలు గీసి పోతివి, డబ్బు నేనెక్కడ్నించి తేవాల?”

“మీరు తలుచుకుంటే అవుతుంది సార్.”

“అవుతాదిలే. సంతకం పడ్డాక అవక చస్తాదా.”

నవదీప్ ఒక్క పరుగున కిందికి దిగి, గేటు పక్క బండి దగ్గర పావుకేజీ జిలేబీ కొని, పొట్లం పాపయ్య చేతిలో పెట్టాడు. “పెరిగింది బాబాయ్! సంతకం కూడా అయిపోయింది.”

పాపయ్య కళ్లు తుడుచుకున్నాడు. వెంటనే మకాన్ మాలిక్‌కి ఫోన్ చేసి “ఠీక్ హై భాయ్‌సాబ్, వెయ్యి ఇస్తాను, మేం ఎక్కడికీ పోవట్లేదు” అన్నాడు. సాయంత్రం చేబదులు తెచ్చి ఆ వెయ్యీ చేతిలో పెట్టేశాడు కూడా. మాట తప్పడం తెలియని మనిషి.

నెలాఖరు వచ్చింది. జీతం పడినట్టు ఫోన్లో కబురు చూసుకుంటే నవదీప్‌కి పాత జీతమే. పక్కసీటు ఇంద్రాణిని అడిగాడు. “నాదీ అంతే,” అంది. అవతలి వరసలో అడిగాడు. అందరిదీ అంతే. విసవిసా చెన్నకేశవులు గదిలోకి వెళ్లాడు.

“ఏంటి సార్ ఇది? ఎవ్వరికీ ఒక్క రూపాయి పెరగలేదు!”

“కూచోవయ్యా, కూచో. ఇప్పుడే డైరెక్టర్లకి రాసి పంపించినా. సగటు జీతం యాభై నాలుగు వేలు. ఎనిమిది శాతం పెరిగింది, పైసా తేడా లేదు. నీ లెక్కే అని నీ పేరు కూడా పెట్టినా.”

“ఎవరికీ పెంచకుండా సగటెలా పెరుగుతుంది సార్?”

చెన్నకేశవులు జీతాల జాబితా అతని ముందుకి తోశాడు. “పధ్నాలుగు వేలోళ్లు పదిమందినీ నిన్న తీసేసినాం. మిగిలిన తొంభైమందికి నువ్వే సగటు వేసి చూసుకో.”