సగం కొండ

"అక్కా, కాస్త ఆగవే. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలియదా?"

శివపార్వతి ఆగలేదు. కొంగు నడుముకు బిగించి, చేతికర్ర పొడుచుకుంటూ రాళ్ళదారిన ఎక్కుతూనే ఉంది. వెనక చెల్లెలు వసుంధర ఆయాసపడుతూ నడిచింది.

నల్లమల లోపలెక్కడో ఉన్న ఆ శివుడి కొండకు కార్తీకమాసంలో తెనాలి నుంచి ప్రత్యేకంగా బస్సు వేశారు. రేపల్లె నుంచి వచ్చిన వసుంధర తెనాలిలో ఎక్కింది. బాపట్లలో బస్సు ఆగి అక్క ఎక్కింది. చెల్లెల్ని చూసింది. చూసి, ముందు సీట్లో కూర్చుంది. ఆరేళ్ళుగా వాళ్ళ మధ్య మాటల్లేవు.

తెల్లవారి కొండ కింద దిగాక కూడా అంతే. మజ్జిగ అమ్మే బసవమ్మతో మాత్రం అక్క చాలాసేపు గుసగుసలాడింది. ఆమె చేత మణికట్టుకు పసుపుదారం కట్టించుకుంది. పరాయి మనిషితో మాట్లాడటానికి నోరొచ్చింది గానీ, తోడబుట్టినదాన్ని పలకరించడానికి రాలేదని వసుంధర కుమిలిపోయింది.

చేలగట్టు కంటే ఎత్తయినది ఎక్కి ఎరగని మనుషులకు ఆ కొండ చుక్కలు చూపించింది. కాళ్ళు బాగున్నవాళ్ళంతా ముందు వెళ్ళిపోయారు. సగం కొండకు వచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. ఆగమని వసుంధరే ముందు పలకరించింది. ఒకచోట అక్క జారబోతే వసుంధర చప్పున చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తగలగానే ఆరేళ్ళుగా గొంతులో అడ్డుపడ్డ మాట బయటికి వచ్చేసింది.

"అమ్మ పోయేముందు నీకు టెలిగ్రాం ఇవ్వలేదనేగా నీ కోపం? ఇవ్వొద్దన్నది అమ్మేనే అక్కా! అరవై తొమ్మిది తుఫానుకి రోడ్లన్నీ తెగిపోయాయి. నీకు ఆఖరి కాన్పయి పది రోజులు కాలేదు. 'పెద్దది పసిగుడ్డునేసుకుని పడుతూ లేస్తూ వస్తుంది, నేను పోయాకే చెప్పు' అని ఒట్టేయించుకుంది. నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది. 'ఇక నీకూ నాకూ మాటల్లేవు' అన్నావు. పోయినమ్మ మీద నెట్టలేక నోరు మూసుకున్నా. తప్పు నాదే. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి నీకు కబురు చెయ్యాల్సింది."

శివపార్వతి కళ్ళ నిండా నీళ్ళు. ఏదో అనబోయింది. అంతలోనే తల అడ్డంగా ఊపి, పెదాల మీద వేలు పెట్టుకుని, ఆ వేలితోనే కొండ కొన చూపించింది.

"ఏంటి, నోరు ముయ్యమంటావా? పైన దేవుడి ముందు ప్రమాణం చేస్తేగానీ నమ్మవా?"

అక్క మళ్ళీ పైకే చూపించింది. చిన్నప్పటి నుంచీ పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

"ఒక్క మాట చాలక్కా. తిట్టయినా తిట్టు. లేదంటే ఇక్కణ్ణుంచే దిగిపోతా."

అక్క కర్ర వదిలేసి రెండు చేతులూ జోడించింది. నీకో దణ్ణం, నన్ను వదిలెయ్యమన్నట్టే తోచింది వసుంధరకు. గిరుక్కున తిరిగి దిగడం మొదలుపెట్టింది. పైనుంచి చప్పట్లు వినిపించాయి. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ వినిపించాయి. పీడ విరగడైందని చప్పట్లు కూడానా అనుకుంది. ఏడుస్తూ దిగింది గానీ వెనక్కి తిరిగి చూడలేదు.

కింద మార్కాపురం వెళ్ళే సర్వీసు బస్సు బయల్దేరబోతోంది. ఎక్కి కూర్చుంది. బసవమ్మ కిటికీ దగ్గరకు మజ్జిగ తెచ్చింది.

"అప్పుడే దిగొచ్చావేంటమ్మా? పసుపుదారం కట్టుకున్నావిడ ఎక్కగలుగుతోందా?"

"ఎక్కుతోంది. మా అక్కే. ఎంత బతిమాలినా ఒక్క మాట మాట్లాడలేదు."

"అయ్యో, ఎలా మాట్లాడుద్దమ్మా? ఆ దారం కట్టుకున్నాక పైన గుళ్ళో గంట కొట్టేదాకా నోరు విప్పకూడదు. విప్పితే మొక్కు చెల్లదు. ఎవర్నన్నా పిలవాలన్నా చప్పట్లే."

వసుంధర మజ్జిగ గ్లాసు వెనక్కిచ్చేసింది. బస్సు కదిలింది.

"ఏం మొక్కుకుంది?" అని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

బసవమ్మ బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తింది.

"చెల్లెలు తనతో మాట్లాడాలనమ్మా!"